అరెస్టు చేశాక ఎక్కడికి తీసుకెళ్తారు?

చిత్తూరు నుంచి డిగ్రీ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: యుద్ధం ముగిసిన దేశంలో పోలీసు వ్యవస్థను మళ్ళీ నిలబెట్టడానికి ఎన్నేళ్ళు పడుతుంది? మంచి శిక్షణ, వాహనాలు, ఆయుధాలు ఇస్తే సరిపోదా? ఇరవై ఏళ్ళు డబ్బు కుమ్మరించిన అఫ్గానిస్తాన్‌లో ఆ పోలీసులంతా ఏమైపోయారు? మన రాష్ట్ర పోలీసులు అలాంటి దేశాలకు వెళ్ళి చేసేదేమిటి, వెళ్ళడం ఎలా అని కూడా చివర్లో అడిగారు.

సూటిగా చెప్తాను. కానిస్టేబుల్‌ను తయారు చేయడానికి నెలలు చాలు. అతను పట్టుకున్న మనిషిని అందుకోవడానికి కోర్టు, జైలు కావాలి. అతని జీతం నెలనెలా, కోత పడకుండా, అతని చేతికే చేరాలి. నాయకుడి ఫోను వచ్చినా చెక్కుచెదరని రికార్డు ఉండాలి. ఇవన్నీ కుదురుకోవడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. అదీ మధ్యలో మళ్ళీ కాల్పులు మొదలవకపోతే. శిక్షణ, జీపులు, తుపాకులు సరిపోవు. డబ్బు ఇచ్చే దేశాలకు ఇవి ఇష్టం, ఎందుకంటే ఫొటోలో కనబడతాయి.

నేను తిరుపతిలో స్థిరపడిన రిటైర్డు పోలీసు అధికారిని. సర్వీసులో ఉండగా ఐక్యరాజ్యసమితి పోలీసుగా కొసావోలోనూ, తర్వాత తూర్పు తిమోర్‌లోనూ పనిచేశాను. ఆ రెండు చోట్ల సంగతులు చూసి చెప్తున్నవి. మిగతా దేశాల గురించి రాసేది అక్కడ పనిచేసినవాళ్ళతో మాట్లాడి, చదివి తెలుసుకున్నది.

తిరుపతిలో రాత్రి పదకొండు గంటలకు ఒక దొంగను పట్టుకున్నామనుకోండి. ఎఫ్‌ఐఆర్ కడతాం. మధ్యవర్తుల సమక్షంలో పంచనామా రాస్తాం. ప్రభుత్వాసుపత్రిలో వైద్య పరీక్ష చేయిస్తాం. స్టేషను రైటరు తిట్టుకుంటూనే తెల్లవారేలోగా రిమాండు రిపోర్టు సిద్ధం చేస్తాడు. ఇరవైనాలుగు గంటలు దాటకుండా మేజిస్ట్రేటు ముందు హాజరుపరుస్తాం. సెలవు రోజైతే ఆయన ఇంటి దగ్గరే. రిమాండు విధిస్తే సబ్‌జైలుకు తీసుకెళ్ళి అప్పగించి, రసీదు తెచ్చుకుంటాం. ఇంతమంది చేతులు మారితేనే అది అరెస్టు. ఈ వరుసలో ఒక్కరు లేకపోయినా అది మనిషిని ఎత్తుకెళ్ళడమే అవుతుంది, యూనిఫాం ఉన్నా సరే.

ఇప్పుడు 1999 నాటి కొసావో చూడండి. సెర్బియా పాలనలో ఉన్న, అల్బేనియన్లు ఎక్కువగా ఉండే ప్రాంతం అది. (భారతదేశం దాన్ని ఇప్పటికీ స్వతంత్ర దేశంగా గుర్తించలేదు, అయినా మన పోలీసులు అక్కడ పనిచేశారు.) ఆ జూన్‌లో నాటో బాంబుదాడులు ఆగాయి, 10వ తేదీన భద్రతామండలి కొసావోను ఐరాస పాలన కిందికి తెస్తూ 1244వ తీర్మానం చేసింది. సెర్బియా సైన్యం, పోలీసులు వెళ్ళిపోయారు. వాళ్ళతో పాటే జడ్జీలు, కోర్టు గుమాస్తాలు కూడా చాలామంది వెళ్ళిపోయారు. మామూలుగా ఐరాస పోలీసులు సలహాలిస్తారు, శిక్షణ ఇస్తారు, పక్కన కూర్చుని చూస్తారు. కొసావోలో మాత్రం మాకు నేరుగా అరెస్టు చేసే అధికారం ఉండేది. సరే, పట్టుకున్నాం. ఏ చట్టం కింద?

జులైలో ఐరాస పాలనా యంత్రాంగం, అప్పటిదాకా అమల్లో ఉన్న చట్టమే కొనసాగుతుందని ప్రకటించింది. అంటే సెర్బియా చట్టం. తమను అణచివేసిన చట్టాన్ని తామే అమలు చేయడమేమిటని అల్బేనియన్ జడ్జీలు భీష్మించుకుని కూర్చున్నారు. 1989లో స్వయంప్రతిపత్తి పోకముందు ఉన్న చట్టాన్నే వాడతామన్నారు. డిసెంబరుకు ఐరాస దిగివచ్చి, 1989 మార్చి నాటి చట్టానికి ఒప్పుకుంది. ఆ మధ్య నెలల్లో నేరం రుజువు చేయడం సంగతి దేవుడెరుగు, ఏ సెక్షన్ రాయాలన్నదే తేలలేదు. నేను వెళ్ళేసరికి ఆ గొడవ సద్దుమణిగింది గానీ, అప్పటి కేసుల చిక్కుముడులు ఇంకా విప్పుతూనే ఉన్నారు.

తర్వాతి చిక్కు సాక్షులు. ఊళ్ళో ఒక పెద్దాయన మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, చిన్న కప్పులో చిక్కటి కాఫీ ఇచ్చి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఎవరు కాల్చారు, ఏ కిటికీ నుంచి చూశాడు, ఆ సమయంలో ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, అన్నీ. దుబాసీ రాసి, చదివి వినిపించేసరికి ఆయన మొహం మారిపోయేది. సంతకం పెట్టమంటే కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అని వెతకడం మొదలుపెట్టేవాడు. కళ్ళజోడు జేబులోనే ఉంటుంది. ముద్దాయి అన్నదమ్ములు పక్క వీధిలోనే ఉంటారు మరి. జడ్జీల పరిస్థితి కూడా అంతే. బెదిరింపులకు లొంగడమో, తమ జాతివాళ్ళను చూసీచూడనట్టు వదలడమో జరిగేది. అందుకే 2000 ఫిబ్రవరి నుంచి విదేశీ జడ్జీలను, ప్రాసిక్యూటర్లను తెచ్చారు, మొదట మిత్రోవిత్సా పట్టణంలో. పోలీసు శిక్షణ పాఠశాల వుష్త్రిలో 1999 సెప్టెంబరుకే తెరుచుకుంది. పోలీసు మొదట, జడ్జీ తర్వాత. చెరువు తవ్వకుండా కాలువలు తవ్వడమంటే ఇదే.

అయినా కొసావో పోలీసులది మొత్తం మీద మంచి ఫలితమే అంటాను. పాఠశాల నుంచి బయటికొచ్చిన కుర్రవాళ్ళను నేరుగా వీధిలోకి వదల్లేదు, ఒక్కొక్కరిని మాలాంటివారికి జతచేసి గస్తీకి పంపారు. అల్బేనియన్లతో పాటు సెర్బులను, మహిళలను చేర్చుకున్నారు. కానీ 2008లో స్వాతంత్ర్యం ప్రకటించగానే సెర్బు పోలీసులు వందలమంది విధులు మానేశారు. చాలామంది మరుసటి ఏడాదికి తిరిగొచ్చారు. 2022 నవంబరులో వాహనాల నంబరు ప్లేట్ల వివాదంలో ఉత్తరాన మళ్ళీ మూకుమ్మడిగా రాజీనామాలు చేశారు. మొదలుపెట్టిన ఇరవైమూడేళ్ళకు! శిక్షణ లోపమని దీన్ని ఎవరూ అనలేరు. ఆ రాజ్యం ఎవరిదన్న ప్రశ్న తేలకపోతే, ఆ రాజ్యపు యూనిఫాం ఎవరి ఒంటి మీదా గట్టిగా నిలవదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది సైన్యానికీ పోలీసుకూ మధ్య గీత చెరిగిపోవడం. తూర్పు తిమోర్‌లో జరిగింది అదే. ఒకప్పుడు పోర్చుగీసు వలస, తర్వాత ఇండోనేషియా ఆక్రమణలో ఉన్న చిన్న దేశం అది. 1999 నుంచి ఐరాసే అక్కడ కొత్త పోలీసును కట్టింది. 2002 మే 20న దేశం స్వతంత్రమైంది. పత్రికలన్నీ ఆదర్శమని మెచ్చుకున్నాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి, 2006లో, సైన్యంలో వివక్ష ఉందని ఫిర్యాదు చేసిన ఆరువందల మంది దాకా సైనికులను ప్రభుత్వం తొలగించింది. గొడవ ముదిరింది. మే 25న రాజధాని దిలీలో, ఆయుధాలు అప్పగించి ఐరాస జెండా వెనుక నడిచి వస్తున్న పోలీసుల మీద సైనికులు కాల్పులు జరిపి పలువురిని చంపారు. రాజధానిలో పోలీసు వ్యవస్థ చెల్లాచెదురైంది. పౌరులకు ఆయుధాలు పంచిన కేసులో అంతర్గత వ్యవహారాల మంత్రి రొజెరియో లొబాతోకు 2007లో జైలు శిక్ష పడింది. కారణాలు వెతికితే చాలా ఉన్నాయి. నాకు ముఖ్యంగా తోచింది ఏమిటంటే, పోలీసులోనే సైన్యం లాంటి ప్రత్యేక దళాలను పెంచారు. సైన్యానికి చేతినిండా పని లేదు, పోలీసుకు సైన్యం లాంటి తుపాకులు ఉన్నాయి. పక్కపక్కనే రెండు బలగాలు, ఇద్దరి వెనుకా చెరో నాయకుడు. ఇంకేం జరుగుతుంది?

ఆ తర్వాత ఏర్పడిన కొత్త ఐరాస మిషన్‌లో నేను పనిచేశాను. అక్కడి కోర్టుల సంగతి చెప్పాలి. అప్పట్లో పదమూడు జిల్లాలకు కోర్టులు నాలుగు: దిలీ, బౌకావ్, సువాయి, ఒయెకుసి. ముద్దాయిని డెబ్బై రెండు గంటల్లో జడ్జీ ముందు పెట్టాలి. వానాకాలంలో కొండ రోడ్డు తెగితే ఆ గడువు దారిలోనే అయిపోతుంది. చట్టాలు పోర్చుగీసులో ఉంటాయి, వాంగ్మూలం స్థానికులు మాట్లాడే తేతుం భాషలో వస్తుంది, కాస్త వయసున్న పోలీసు చదువుకున్నది ఇండోనేషియా భాషలో. 2005 జనవరిలో స్థానిక జడ్జీలకు పరీక్ష పెడితే ఒక్కరూ గట్టెక్కలేదు. వాళ్ళను మళ్ళీ శిక్షణకు పంపి, పోర్చుగీసు వచ్చిన విదేశీ జడ్జీలతో నెట్టుకొచ్చారు. ఇలాంటి చోట ఎస్సైకి నేర దర్యాప్తు మీద ఎన్ని తరగతులు చెప్పినా ఏం లాభం?

ఒక ఉదాహరణ చెప్తాను, మన పల్లెల్లో పెరిగినవారికి వెంటనే అర్థమవుతుంది. ఒక ఉదయం భర్త కొట్టాడని ఒక స్త్రీ స్టేషనుకు వచ్చింది. చెయ్యి వాచి ఉంది, చంకలో బిడ్డ. డ్యూటీలో ఉన్న కుర్ర పోలీసు ఆమెను కూర్చోబెట్టాడు, నీళ్ళిచ్చాడు, చాలా మర్యాదగా మాట్లాడాడు. పెన్ను మాత్రం తీయలేదు. ఫోను తీసి ఊరిపెద్దను పిలిపించాడు. గంటలో ఊరిపెద్ద, ఇరువైపుల పెద్దలు వచ్చారు. భర్త తరఫువాళ్ళు ఒక పందిని ఇచ్చేటట్టు, భర్త అందరి ముందూ తప్పు ఒప్పుకునేటట్టు తీర్మానమైంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ వెళ్ళిపోయాక స్టేషను డైరీ చూస్తే ఆ రోజు పేజీ మీద తేదీ తప్ప అక్షరం లేదు.

ఆ కుర్రవాడిని తిట్టడం సులువు. అతని లెక్క అతనికుంది. కేసు కడితే జిల్లా దాటి కోర్టుకు తీసుకెళ్ళాలి, జీపు ఉంది గానీ డీజిలు లేదు. కేసు తేలేదాకా ఆమెకు అన్నం పెట్టేదెవరు? ఊరిపెద్ద తీర్పు అయితే సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. రాజీ పంచాయితీలు మన దగ్గర మాత్రం లేవా? చిత్తూరు జిల్లాలో ఎస్సైగా ఉన్నప్పుడు నేను చూసిన కుటుంబ తగాదాల్లో సగానికి పైగా స్టేషను గుమ్మం ఎక్కకముందే చెట్టు కింద తేలిపోయేవి. 2010లో తిమోర్ కొత్త చట్టం చేసి, గృహహింసను రాజీకి వీలులేని నేరంగా మార్చింది. మంచి చట్టం. అమలయ్యేలా చేయడానికి మేము చేసిన పని చూస్తే నవ్వుతారు: ఎవరొచ్చినా, ఏ కారణంతో వచ్చినా, ముందు డైరీలో ఒక వరుస రాయాలి. పేరు, సమయం, ఏం జరిగింది, ఎవరిని పిలిచారు. రాజీ చేసుకున్నా సరే, రాయాలి. ఆరు వరుసల నమూనా ఒకటి తేతుంలో రాయించి గోడకు అంటించాం. డైరీలో ఒకసారి పేరు పడ్డాక, అదే ఇల్లాలు మూడోసారి చేతికి కట్టుతో వస్తే, ఊరిపెద్దకు కూడా మాట తడబడుతుంది. ఏ సెమినారులోనూ చెప్పని సంగతి ఇది: చట్టబద్ధ పాలన అనే పెద్ద మాట మొదట మొలిచేది ఆ డైరీలోనే.

ఇక అఫ్గానిస్తాన్. 2002లో దాతల దేశాలు పనులు పంచుకున్నప్పుడు పోలీసును జర్మనీకి, న్యాయవ్యవస్థను ఇటలీకి అప్పగించాయి. పోలీసు, కోర్టు అనే జంటను అక్కడే విడగొట్టారు. తర్వాత అమెరికా రంగంలోకి దిగి మనుషుల సంఖ్య పెంచింది గానీ, వాళ్ళను చెక్‌పోస్టుల్లో తాలిబన్లకు ఎదురు నిలబెట్టింది. చాలా ఏళ్ళు సైన్యం కంటే పోలీసులే ఎక్కువమంది చనిపోయారు. దొంగతనం కేసు కట్టడం నేర్చుకోవాల్సిన మనిషిని ఇసుక బస్తాల వెనుక కూర్చోబెడితే ఊరివాళ్ళకు అతను పోలీసుగా ఎందుకు కనబడతాడు?

జీతాల కథ ఇంకా చెప్పుకోదగ్గది. 2009లో వర్దక్ రాష్ట్రంలో కొద్దిమంది పోలీసులకు ప్రయోగంగా మొబైల్ ఫోను ద్వారా జీతం పంపారు. అందుకున్నవాళ్ళు జీతం పెరిగిందనుకున్నారు. పెరగలేదు. అప్పటిదాకా పై అధికారులు మధ్యలో కోసుకున్నది మొదటిసారి వాళ్ళ చేతికి వచ్చింది, అంతే. ఒక కమాండరు తన మనుషుల జీతం తనకే పంపమని అడిగాడని కూడా చెప్పుకుంటారు. దీనికి తోడు కాగితం మీదే ఉన్న పోలీసులు, హాజరు పట్టీలో పేరుంటుంది, మనిషి ఉండడు. 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. అందరూ పిరికివాళ్ళై పారిపోలేదు. చాలామందికి నిలబడడానికి కారణమంటూ ఏదీ మిగల్లేదు. నన్నడిగితే, ఏ దేశంలోనైనా మొదటి ఏడాది ఖర్చులో సింహభాగం జీతాల చెల్లింపు, సర్వీసు రికార్డుల మీద పెట్టమంటాను. ఎవరూ రిబ్బను కత్తిరించడానికి రారు గానీ, పనికొచ్చేది అదే.

పాతవాళ్ళను ఏం చేయాలన్నది మరో తలనొప్పి. అందరినీ ఉంచితే నిన్న హింసించినవాడే రేపు ఫిర్యాదు తీసుకుంటాడు. అందరినీ పంపితే ఏమవుతుందో ఇరాక్ చూపించింది. 2003 మేలో ఇరాక్‌ను ఆక్రమించిన అమెరికా పాలకులు ఒక ఉత్తర్వుతో సైన్యాన్ని రద్దు చేసి, తుపాకీ పట్టడం తెలిసిన లక్షలమందిని కోపంతో ఇంటికి పంపారు. బోస్నియాలో యుద్ధం తర్వాత ఐరాసవాళ్ళు మధ్యేమార్గం పట్టారు. ఒక్కొక్క పోలీసు చరిత్ర తనిఖీ చేసి, అనర్హులను తొలగించారు. పద్ధతి మంచిదే, కానీ తొలగించినవారికి అప్పీలు చేసుకునే దారి ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి ఆ ఫిర్యాదు నలిగి, 2007లో వాళ్ళు మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పాల్సివచ్చింది. న్యాయం నేర్పడానికి వెళ్ళినవాళ్ళే వాదన వినకుండా తీర్పు చెప్తే ఇలాగే ఉంటుంది.

బాగుపడ్డ చోట్లు లేవా అంటే ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికాలోని సియెరా లియోన్‌లో యుద్ధం 2002లో ముగిసింది. అంతకుముందే, 1999లో, అధ్యక్షుడు కబ్బా ఒక రిటైర్డు బ్రిటిష్ పోలీసు అధికారిని, కీత్ బిడిల్‌ను, తమ పోలీసు అధిపతిగా (అక్కడ ఐజీ అంటారు) నియమించుకున్నారు. సలహాదారుగా కాదు, సంతకం పెట్టే అధికారిగా. స్థానికుడు కాదు గనుక ఏ వర్గానికీ చెందడు. 2001 నుంచి స్త్రీలు, పిల్లల కేసులకు పోలీసులు, సాంఘిక సంక్షేమ సిబ్బంది కలిసి కూర్చునే కుటుంబ సహాయ విభాగాలు పెట్టారు. యుద్ధంలో అత్యాచారాలు అంత విచ్చలవిడిగా జరిగిన దేశంలో జనం స్టేషను మెట్లెక్కడానికి మొదటి కారణం దొరికింది అక్కడే.

లైబీరియా పేరు మీకు మన మహిళా దళం వల్ల తెలిసి ఉండవచ్చు. 2007 మొదట్లో సీఆర్పీఎఫ్ మహిళలు దాని రాజధాని మన్రోవియాలో దిగారు. పూర్తిగా మహిళలతో కూడిన ఐరాస పోలీసు దళం ప్రపంచంలో అదే మొదటిది. దళాలు మారుతూ 2016 దాకా ఉన్నారు. రాత్రి గస్తీ తిరిగారు, అధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా కాశారు. ఐరాస లెక్కల ప్రకారం ఆ కాలంలో లైబీరియా భద్రతా రంగంలో స్త్రీల వాటా 6 శాతం నుంచి 17 శాతానికి చేరింది. గర్వించదగ్గ విషయమే. కానీ అదే నగరంలో జైలు నిండా విచారణ ఖైదీలే. కేసు పిలిచే నాథుడు లేడు. చూశారా, మళ్ళీ అక్కడికే వచ్చాం.

మన పోలీసులు అక్కడ ప్రత్యేకంగా ఏం చేయగలరని అడిగారు. బ్రహ్మోత్సవాల బందోబస్తు చూసి ఉంటారు. గరుడసేవ రోజున ఏ శ్రీకాకుళం నుంచో వచ్చిన కానిస్టేబుల్ ఎప్పుడూ చూడని డీఎస్పీ కింద, ఎప్పుడూ చూడని మాడవీధిలో నిలబడి పనిచేస్తాడు. సాధ్యమెందుకంటే చట్టం ఒకటే, శిక్షణ ఒకటే, డ్యూటీ పాస్‌పోర్టు (బందోబస్తుకు పంపేటప్పుడు చేతికిచ్చే పత్రం) ఒకటే. ఐరాస మిషన్‌లో నలభైకి పైగా దేశాల పోలీసులు ఉంటారు, ఈ మూడింటిలో ఏదీ ఒకటి కాదు. ఒకరి దేశంలో పోలీసు సగం సైనికుడు, ఇంకొకరి దేశంలో తుపాకీ లేకుండా తిరుగుతాడు. ఆరు నెలలకో ఏడాదికో మనుషులు మారిపోతారు. ఈ నెల ఒకరు నేర్పింది వచ్చే నెల మరొకరు తప్పంటారు. స్థానిక పోలీసు అందరికీ తలాడించి తనకు తోచింది చేస్తాడు. మనవాళ్ళకు ఒక అనుకూలత ఉంది: డీజిలు లేని జీపు, కిక్కిరిసిన స్టేషను, పైనుంచి వచ్చే సిఫార్సు మనకు కొత్త కాదు. పాశ్చాత్య దేశపు అధికారి ఫోరెన్సిక్ ల్యాబు గురించి చెప్తుంటే, మనవాడు చేతిరాతతో పంచనామా ఎలా రాస్తే కోర్టులో నిలుస్తుందో చెప్తాడు.

అలాగని మనం గురువులమని మురిసిపోనక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో పన్ను వసూలు కోసం రైతులను చిత్రహింసలు పెడుతున్నారని విచారణ జరిపిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. పన్ను వసూలు చేసే చేతిలోనే పోలీసు అధికారం ఉండడం ఆ రోగానికి మూలం. దాంతో 1859లో పోలీసు చట్టం చేసి రెండింటినీ వేరుచేశారు. మన ప్రాంతపు పోలీసు ఆ చట్టం నుంచి పుట్టిందే. 1857 తిరుగుబాటు చల్లారిన వెంటనే కట్టిన వ్యవస్థ గనుక, జనానికి జవాబు చెప్పడం కంటే పాలకుడి మాట వినడం దాని ఎముకల్లో ఉంది. 2006లో సుప్రీంకోర్టు ప్రకాష్ సింగ్ కేసులో సంస్కరణలు ఆదేశించాక కూడా అవి ఎంత నత్తనడక నడుస్తున్నాయో మీకు తెలుసు. ఎన్నేళ్ళు పడుతుందన్న మీ ప్రశ్నకు ఇదీ ఒక జవాబే.

ఇక వెళ్ళడం గురించి. డిగ్రీ అయ్యాక నేరుగా ఐరాస పోలీసు కావడం కుదరదు. ముందు ఇక్కడ పోలీసు ఉద్యోగంలో చేరాలి, కనీసం ఐదేళ్ళ సర్వీసు ఉండాలి. కేంద్ర హోం శాఖ నుంచి పిలుపు వచ్చినప్పుడు రాష్ట్రం ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. ఇంగ్లీషు, డ్రైవింగు, షూటింగు పరీక్షలు ఉంటాయి. మనవాళ్ళు షూటింగు గురించి భయపడి డ్రైవింగును తేలిగ్గా తీసుకుంటారు, అక్కడే తప్పుతారు. గేర్లున్న పెద్ద జీపును వెనక్కి నడిపి ఇరుకు సందులో పెట్టడం సాధన చేయండి. ఇంగ్లీషులో మాట్లాడడం కంటే రిపోర్టు రాయడం ముఖ్యం. ఒక ఎఫ్‌ఐఆర్ తీసుకుని పేజీకి మించకుండా ఇంగ్లీషులో రాసి చూసుకోండి. ఈ పరీక్షల గురించి ఇంకేమైనా అడగాలంటే కిందే రాయండి, రాత్రిపూట చూసి జవాబిస్తాను.